సంవాదం, వివాదం – మీ చెవి ఏమంటుంది?

మీ తరగతిలో ఒకమ్మాయి సొంతంగా ఒక పియానో పాట కట్టిందనుకోండి. "మా కుల్కచర్లలో పియానో ఎక్కడిది?" అంటారేమో. పియానోయే అక్కర్లేదు. పియానో ధ్వనిని అనుకరించే చిన్న కీబోర్డు ఉన్నా చాలు, భజన మందిరంలోని హార్మోనియం ఉన్నా చాలు. ఆ అమ్మాయి అందరిలాగా తియ్యటి వరస కట్టలేదు. పక్కపక్కనే ఉన్న రెండు మెట్లను ఒకేసారి నొక్కుతూ, గరుగ్గా, కీచుగా మోగే పాట కట్టింది. మీ అందరికీ వాయించి వినిపించింది. "ఎలా ఉంది?" అని అడిగింది.

మీరేమన్నారు? "చెవులు చిల్లులు పడ్డాయి" అన్నాడొకడు. "శ్రుతి తప్పింది" అన్నాడింకొకడు. "మా తాతయ్య వింటే ఇది పాటే కాదంటాడు" అంది మరో అమ్మాయి. వెనక బెంచీ నుంచి ఒకడు "నాకు భయమేసింది. కానీ మళ్ళీ వినాలనిపించింది" అన్నాడు.

వీరిలో ఎవరి మాట సరైనది? తొందరపడకండి. నాలుగూ సరైనవే కావచ్చు. ఎందుకంటే నలుగురూ నాలుగు వేరు వేరు ప్రశ్నలకు జవాబు చెప్పారు. మొదటివాడు చెవి సంగతి చెప్పాడు. రెండోవాడు వాద్యం సంగతి చెప్పాడు. మూడో అమ్మాయి అలవాటు సంగతి చెప్పింది. నాలుగోవాడు ఆ పాట తన మనసుకు చేసిన పని చెప్పాడు. ఈ నాలుగింటినీ విడదీసి చూడటమే ఈ పాఠం.

చెవిలో ఏం జరుగుతుంది?

ధ్వని అంటే కంపనమని మీకు తెలుసు. హార్మోనియంలో ఒకటో శ్రుతి తెల్ల మెట్టు నొక్కితే, దాని కింద ఉన్న ఇత్తడి నాలుక సెకనుకు సుమారు 262 సార్లు కంపిస్తుంది. దీన్నే పౌనఃపున్యం అంటాం. ఈ స్వరాన్ని 'స' అనుకుందాం. దాని పక్కనే ఉన్న నల్ల మెట్టు శుద్ధ రిషభం. అది సెకనుకు సుమారు 277 సార్లు కంపిస్తుంది.

ఈ రెంటినీ ఒకేసారి నొక్కండి. ఒక క్షణంలో రెండు తరంగాల శిఖరాలు కలుస్తాయి, ధ్వని పెరుగుతుంది. మరుక్షణంలో ఒకదాని శిఖరం మీద రెండోదాని లోయ పడుతుంది, ధ్వని తగ్గుతుంది. ఇలా పెరుగుతూ తగ్గుతూ ఉండటాన్నే విస్పందనాలు అంటారు. సెకనుకు ఎన్ని విస్పందనాలు? రెండు పౌనఃపున్యాల తేడా ఎంతో అన్ని. 277లోంచి 262 తీసివేస్తే 15. దశాంశాలతో సహా లెక్కిస్తే 15.6.

విస్పందనాలు సెకనుకు ఒకటో రెండో అయితే ధ్వని ఉయ్యాలలాగా ఊగుతుంది. వాటిని లెక్కపెట్టవచ్చు కూడా. సెకనుకు 15, 20, 30 అయితే లెక్కపెట్టడం మన చెవి తరం కాదు. అప్పుడు మనకు వినిపించేది గరుకుతనం. బండి చక్రం నెమ్మదిగా రాళ్ళ మీద దొర్లితే ఒక్కొక్క కుదుపు తెలుస్తుంది. వేగంగా పోతే అంతా కలిసి ఒకటే గరగరమవుతుంది. ఇదీ అలాంటిదే.

జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ 1863లో ప్రకటించిన గ్రంథంలో ఈ సంగతి వివరించాడు. సెకనుకు సుమారు 33 విస్పందనాలున్నప్పుడు గరుకుతనం అత్యధికంగా ఉంటుందని ఆయన అన్నాడు. నూరేళ్ళ తర్వాత, 1965లో, నెదర్లాండ్స్‌లో ప్లాంప్, లెవెల్ట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీన్ని సరిదిద్దారు. గరుకుతనం ఒక్క విస్పందనాల సంఖ్య మీదే కాక, ఆ స్వరాలు ఏ స్థాయిలో ఉన్నాయన్నదాని మీద కూడా ఆధారపడుతుందని చూపించారు.

దానికి కారణం చెవి లోపలే ఉంది. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకొని ఉన్న భాగాన్ని కర్ణావర్తం అంటారు. అందులో పొడవాటి పొర ఒకటుంది. హెచ్చు స్వరాలు ఆ పొరను మొదట్లో బాగా కదిలిస్తాయి. తగ్గు స్వరాలు చివరన కదిలిస్తాయి. దీన్ని పరిశోధించి చూపినందుకే బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది. దూరంగా ఉన్న రెండు స్వరాలకు ఆ పొర మీద రెండు వేరు చోట్లు దొరుకుతాయి. మరీ దగ్గరి స్వరాలు రెండూ ఒకే చోటికోసం పోటీపడతాయి. ఆ పోటీయే మనకు గరుకుగా తోస్తుంది. "చెవులు చిల్లులు పడ్డాయి" అన్న మీ మిత్రుడు చెప్పింది ఈ సంగతే. అతడు అబద్ధమాడలేదు.

ఒక్క మెట్టు – ఎన్నో స్వరాలు

ఇక్కడొక సందేహం రావాలి. 'స', 'ప' కలిపి నొక్కితే ఎంతో హాయిగా ఉంటుంది. ఎందుకని? 'ప' పౌనఃపున్యం 392. తేడా 130. తేడా ఎక్కువ కాబట్టి గరుకు లేదు, అంతేనా? అంతే కాదు.

మీరు ఒక్క మెట్టు నొక్కినా వినిపించేది ఒక్క స్వరం కాదు. 262తోబాటు దానికి రెట్టింపు 524, మూడురెట్లు 786, నాలుగురెట్లు 1048 కూడా సన్నగా మోగుతుంటాయి. వీటిని అనుస్వరాలు అంటారు. 'ప'కు కూడా 392, 784, 1176 ఇలా ఉంటాయి. రెండు వరసల్నీ పక్కపక్కన రాసి చూడండి. 'స' మూడో అనుస్వరం 786, 'ప' రెండో అనుస్వరం 784. దాదాపు కలిసిపోయాయి! పియానోలోనూ హార్మోనియంలోనూ స్థాయిని 12 సమభాగాలు చేస్తారు గనుక ఈ చిన్న తేడా మిగిలింది. తంబురలో పంచమాన్ని చెవితో విని సరిచేస్తారు కనుక ఆ తేడా కూడా లేకుండా చేయవచ్చు.

ఇప్పుడు శుద్ధ రిషభం వరస రాయండి: 277, 554, 831. 'స' వరసలో 262, 524, 786. తేడాలెంత? 15, 30, 45. ఒక్క చోట కాదు, ప్రతి మెట్టు మీదా పోటీయే! గరుకు మీద గరుకు పేరుకుపోయింది.

మన పెద్దలు ఈ లెక్కలు వేయకుండానే చెవితోనే ఈ సంగతి పట్టుకున్నారు. కలిసి పలికే స్వరాలను సంవాదులన్నారు, పొసగని వాటిని వివాదులన్నారు. 'స', 'ప'లు సంవాదులు. మాటలు కలిస్తే సంవాదం, కలవకపోతే వివాదం. పేర్లు ఎంత చక్కగా కుదిరాయో చూడండి.

మామూలు డప్పు చర్మాన్ని కొడితే వచ్చే పై స్వరాలు రెండు రెట్లు, మూడు రెట్లు కావు. చుట్టూ సమంగా బిగించిన పలుచని చర్మానికి అవి 1.59 రెట్లు, 2.14 రెట్లు, 2.30 రెట్లు ఇలా ఉంటాయి. అందుకే డప్పుకు నిలకడైన శ్రుతి వినిపించదు. మరి మృదంగానికీ తబలాకూ శ్రుతి ఎలా వచ్చింది? చర్మం మధ్యన నల్లగా కనిపించే మందపాటి పూత వల్ల! ఆ పూత బరువు పై స్వరాలను పూర్ణాంక రెట్లకు దగ్గరగా లాగుతుంది. ఈ సంగతిని 1920లో లోకానికి చెప్పినవారు చంద్రశేఖర వేంకట రామన్, శివకాళీ కుమార్. రామన్ చిన్ననాటి చదువు మన విశాఖపట్నంలోనే సాగింది. ఆ 1920లోనే ఆయన, బెనర్జీ అనే సహచరుడితో కలిసి, పియానోలో సుత్తి తీగను ఎలా తాకుతుందో కూడా పరిశోధించారు. నోబెల్ బహుమతి తెచ్చిన కాంతి పరిశోధనకు ముందు రామన్ చెవిపెట్టి విన్నది వాద్యాలనే అన్నమాట.

అవే స్వరాలు, వేరే చోటు

ఇప్పుడు 'స', అంతర గాంధారం కలిపి నొక్కండి. 262, 330. ఎంతో ఇంపుగా ఉంటుంది. అదే జంటను ఒక స్థాయి కిందికి దించండి. ఇప్పుడు పౌనఃపున్యాలు 131, 165. తేడా 34! అదే జంట బురదలో నడిచినట్టు మోగుతుంది. ఒక స్థాయి పైకి తీసుకుపోండి. 523, 659. తేడా 136. గరుకు మాయమైంది.

కాబట్టి మీ స్నేహితురాలి పాటలో ఒకచోట చెవికి నొప్పి కలిగితే, తప్పు ఆ స్వరాలదే కానక్కర్లేదు. అవి ఉన్న చోటుది కావచ్చు. శుద్ధ రిషభాన్ని 'స' పక్కనే కాకుండా పై స్థాయిలో వేస్తే గరుకు తగ్గుతుంది. మొదటి స్వరాల మధ్య పోటీ పోయి, అనుస్వరాల మధ్య పోటీ మాత్రమే మిగులుతుంది గనుక. గట్టిగా కాకుండా మెల్లగా వాయించినా తగ్గుతుంది. ఇది ఆ అమ్మాయికి పనికొచ్చే మాట. "బాగాలేదు" అన్న మాట పనికి రాదు.

గరుకుంటే పనికిరాదా?

"గరుకు ఎందుకు వస్తుందో తెలిసింది. ఇక దాన్ని తీసిపారేద్దాం" అంటారా? ఆగండి. పచ్చి చింతకాయ తొక్కును గుప్పెడు నోట్లో వేసుకొని నమలగలరా? అయినా అన్నంలో కలుపుకొంటే అదే లేకపోతే తోచదు.

మన సంగీతంలోనే దీనికి సాక్ష్యముంది. కర్ణాటక సంగీతంలో 72 మేళకర్త రాగాలున్నాయి. వాటిలో 40 వివాది మేళాలు. ఈ సంఖ్య ఎలా వచ్చిందో మీరే లెక్కవేయవచ్చు. రిషభ గాంధారాల జతలు 6. వాటిలో రెండింటిలో స్వరాలు ఒకదానికొకటి మరీ దగ్గరై వివాదమవుతాయి. మిగిలినవి 4. దైవత నిషాదాల జతలూ అంతే: 6లో వివాదం లేనివి 4. మధ్యమాలు 2. వివాదం లేని మేళాలు 4 × 4 × 2 = 32. 72లోంచి 32 తీసివేస్తే 40.

ఈ నలభైలో రాగాలు పాడితే దోషమని నమ్మి వాటిని తప్పించిన విద్వాంసులున్నారు. కానీ త్యాగరాజు పంచరత్న కీర్తనల రాగాలు చూడండి: నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. వీటిలో నాట, వరాళి రెండూ వివాది మేళాలకు చెందినవే! ఏటా ఆరాధనలో వేల గొంతులు ఆ కీర్తనలు పాడుతుంటే ఎవరూ చెవులు మూసుకోరు. ఒక తేడా మాత్రం గమనించండి. మన సంగీతంలో ఈ దగ్గరి స్వరాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. పియానోలో రెండింటినీ ఒకేసారి నొక్కవచ్చు. అందుకే పియానోలో గరుకు మరింత తీక్షణంగా ఉంటుంది.

కోనసీమలోని శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ కుర్రవాడుగా ఉన్నప్పుడే 72 మేళాల్లోనూ కృతులు కట్టారు. వివాది మేళాలను వదలలేదు. తర్వాత ఆయన నాలుగే స్వరాలతో మహతి, లవంగి వంటి రాగాలు కల్పిస్తే, అవి అసలు రాగాలేనా అని సంగీత లోకంలో పెద్ద చర్చే జరిగింది. ఆ చర్చ వల్ల పాట ఆగలేదు, పాట వల్ల చర్చా ఆగలేదు.

పాశ్చాత్య దేశాల్లోనూ ఇదే కథ. 1913 మే 29న పారిస్‌లో స్ట్రావిన్‌స్కీ సంగీతంతో ఒక నృత్యరూపకం మొదటిసారి ప్రదర్శించారు. ఆ సంగీతంలోని కరుకు స్వరాలకూ, ఆ నృత్యానికీ సభలో గోల చెలరేగింది. మరుసటి ఏడాది 1914లో అదే నగరంలో ఆ సంగీతాన్ని నృత్యం లేకుండా కచేరీగా వాయిస్తే, శ్రోతలు స్ట్రావిన్‌స్కీని భుజాల మీద ఎత్తుకున్నారు. ఏడాదిలో స్వరాలు మారలేదు. సందర్భం మారింది, చెవి మారింది. హంగరీ సంగీతకారుడు బార్టోక్ అయితే, 1926 నుంచి 1939 వరకు, పియానో నేర్చుకొనేవారికోసం 153 చిన్న పాటలు తయారుచేశాడు. పక్కపక్క మెట్లు ఒరుసుకొనే స్వరాలను వాటిలో కావాలనే పెట్టాడు.

ఇక్కడ హార్మోనియం కథ కూడా చెప్పుకోవాలి. ఈ రోజు ఏ ఊరి భజనలోనైనా వినిపించే ఆ పెట్టెను 1940లో ఆలిండియా రేడియో నిషేధించింది. దాని మెట్లు గమకం పలకలేవనీ, దాని శ్రుతి మన సంగీతానికి సరిపడదనీ వాదన. 1971లో గాని ఆ నిషేధాన్ని సడలించలేదు. ఆ వాదనలో శాస్త్రం లేకపోలేదు. కానీ ఆ ముప్పై ఏళ్ళూ భజనలూ నాటకాలూ హార్మోనియాన్ని విడిచిపెట్టలేదు.

అలవాటా, పుట్టుకా?

అయితే సంవాదం నచ్చడం పుట్టుకతో వచ్చిందా, విని విని అలవాటైందా? 2016లో మెక్‌డర్మాట్, ఆయన సహచరులు దక్షిణ అమెరికాలోని బొలీవియా అడవుల్లో నివసించే చిమానే ప్రజలను పరీక్షించారు. పాశ్చాత్య సంగీతం అంతగా ఎరగని ఆ ప్రజలు సంవాద స్వరాల కూర్పులకూ, వివాద స్వరాల కూర్పులకూ ఒకే రకంగా మార్కులు వేశారు! కానీ ఒట్టి గరుకు ధ్వనులు వినిపిస్తే మాత్రం మనలాగే వారికీ నచ్చలేదు. అంటే గరుకును పసిగట్టడం చెవి చేసే పని. ఒక స్వరాల కూర్పు ఇంపైనదా కాదా అని తీర్పు చెప్పడంలో మాత్రం మనం పెరిగిన సంగీతానికి పెద్ద పాత్ర ఉంది.

అభిప్రాయం ఎలా చెప్పాలి?

ఇక మీ స్నేహితురాలి దగ్గరికి వద్దాం. ఒక్క మాటతో ఆమె ఆ పెట్టె మూసేసి మళ్ళీ తెరవకపోవచ్చు. అలాగని లేని మెప్పు చెప్పినా ఆమెకు మేలు జరగదు. కాబట్టి ఇలా చేయండి.

ఒకటి: ఒక్కసారి విని చెప్పకండి. మూడుసార్లు వినండి. మొదటిసారి వెక్కిరింతగా అనిపించింది మూడోసారి మామూలుగా అనిపించవచ్చు. మూడోసారి కూడా నొప్పిగానే ఉంటే అదే చెప్పండి.

రెండు: చోటు చూపించండి. "మొత్తం బాగాలేదు" అనకుండా "రెండో భాగంలో, ఎడమచేయి కిందికి దిగినచోట, బురదగా వినిపించింది" అనండి.

మూడు: వాద్యాన్ని అనుమానించండి. హార్మోనియంలో ఒక రీడు శ్రుతి తప్పి ఉండవచ్చు. ఆ స్వరాన్ని దాని పై స్థాయి స్వరంతో కలిపి నొక్కండి. ధ్వని ఊగుతుంటే తప్పు పెట్టెది, పాటది కాదు.

నాలుగు: "ఇక్కడ ఏం చెప్పాలనుకున్నావు?" అని అడగండి. ఉరుమును చూపాలనుకొని గరుకు స్వరాలు వేస్తే అవి సరైన చోటే ఉన్నాయి. జోలపాటలో అవే వేస్తే ప్రశ్నించాల్సిందే.

కట్టిన అమ్మాయికీ ఒక మాట. శ్రోతతో వాదించకు, రాసుకో. ఒక్కడు ఒకచోట నొచ్చుకుంటే అది అతడి ఇష్టం కావచ్చు. వేరు వేరుగా విన్న ఐదుగురు అదే చోట నొచ్చుకుంటే అక్కడేదో ఉంది. ఎక్కడ నొచ్చిందో శ్రోత చెప్పగలడు. ఎందుకో వెతకడం, మార్చాలో వద్దో తేల్చడం నీ పని.

ప్రయోగం చేసి చూడండి

కావలసినవి: ఒక హార్మోనియం లేదా కీబోర్డు, ఒక దుప్పటి, కాగితాలు, కనీసం పదిమంది శ్రోతలు.

హార్మోనియాన్ని దుప్పటి వెనక పెట్టండి. ఏ మెట్లు నొక్కుతున్నారో కనిపిస్తే కళ్ళు చెవులకు పాఠం చెబుతాయి. ఈ ఆరు జంటలు తీసుకోండి: స–పై స, స–ప, స–అంతర గాంధారం, ఒక స్థాయి కింద అదే స–గ, స–ప్రతి మధ్యమం, స–శుద్ధ రిషభం. ఒక్కొక్క జంటను రెండుసార్లు, మొత్తం పన్నెండుసార్లు, వరస కలగాపులగం చేసి వాయించండి. చీటీలు వేసి వరస నిర్ణయించుకుంటే మంచిది. ప్రతిసారీ ఐదు సెకన్లు, తిత్తిని ఒకే తీరుగా నొక్కుతూ వాయించాలి. శ్రోతలు ఒకరితో ఒకరు మాట్లాడకుండా 1 నుంచి 5 వరకు మార్కులు వేయాలి. 1 అంటే ఏమాత్రం నచ్చలేదు, 5 అంటే చాలా నచ్చింది.

ఒక్కొక్క జంటకు సగటు కట్టండి. ఒకే శ్రోత ఒకే జంటకు రెండుసార్లలో వేసిన మార్కులను కూడా పోల్చండి. మొదటిసారి 2, రెండోసారి 4 వేసి ఉంటే, మన తీర్పు మనమనుకున్నంత గట్టిది కాదని తెలుస్తుంది. ఆ తర్వాత స–శుద్ధ రిషభం వాయించి, ఆపకుండా వెంటనే స–ప వాయించండి. ఈ రెండూ కలిసిన కూర్పుకు మార్కులు వేయించండి. శుద్ధ రిషభం ఒంటరిగా తెచ్చుకున్న మార్కులతో పోల్చండి.

చివరగా శ్రోతలను మూడు గుంపులు చేయండి: రోజూ భజన పాడేవారు, సినిమా పాటలు మాత్రమే వినేవారు, అరవై దాటిన తాతలూ అమ్మమ్మలూ. మూడు గుంపుల సగటులు ఒకటేనా? ఏ జంట దగ్గర అందరూ ఏకమయ్యారు? ఏ జంట దగ్గర విడిపోయారు? అందరూ ఏకమైన చోట చెవి పనిని, విడిపోయిన చోట అలవాటు పనిని అనుమానించవచ్చు. చిమానే ప్రజల చెవులు ఏమన్నాయో పరిశోధకులు వారి ఊళ్ళకు వెళ్ళి అడిగారు. కుల్కచర్ల చెవులు ఏమంటాయో కుల్కచర్లలోనే అడగాలి. ఆ పని మీరు చేయవచ్చు.